సైకాలజీలో రీసెర్చ్, క్లినికల్ రెండూ కావాలంటే ఏ కోర్సు పట్టుకోవాలి?

ఎంఏ సైకాలజీ ఫైనల్ ఇయర్‌కి వచ్చేసరికి చాలామందికి ఒకటే సందిగ్ధం. పేషెంట్లతో కూర్చొని పని చెయ్యాలనుంటుంది, అలాగని రీసెర్చ్ వదులుకోబుద్ధి కాదు, ఇంట్లోవాళ్లేమో "ఇంకా ఎన్నేళ్లు చదువుతావ్" అంటుంటారు, సీనియర్ని అడిగితే ఎంఫిల్ అంటాడు, ప్రొఫెసర్ని అడిగితే పీహెచ్‌డీ అంటారు, అమెరికాలో ఉన్న కజిన్ సై.డీ (ప్రాక్టీస్ మీదే దృష్టి పెట్టే డాక్టరేట్) అంటుంది. ఏ బ్రోషర్ తీసినా "రీసెర్చ్, ప్రాక్టీస్ రెండింటికీ సమాన ప్రాధాన్యం" అనే లైన్ మాత్రం తప్పకుండా ఉంటుంది, కాబట్టి దాన్నిబట్టి మీకేం తెలీదు.

నన్నడిగితే ఒక్క విషయం ముందు మనసులో పెట్టుకోమంటాను. రీసెర్చ్‌ని తర్వాతైనా కలుపుకోవచ్చు. లైసెన్స్ ఇచ్చే క్లినికల్ ట్రైనింగ్‌ని తర్వాత కలుపుకోవడం చాలా కష్టం. ఎంఫిల్ చేసినవాళ్లు ఐదేళ్లు ఉద్యోగం చేశాక కూడా పీహెచ్‌డీలో చేరుతున్నారు, కానీ పీహెచ్‌డీ అయిపోయి ముప్పై రెండేళ్లొచ్చాక "నాకు థెరపీ చెయ్యాలనుంది" అన్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి రెండేళ్ల ఫుల్ టైమ్ ట్రైనింగ్‌కి వెళ్లాల్సి వస్తోంది, అప్పటికి ఇల్లు, పిల్లలు, ఈఎంఐలు అన్నీ ఉంటాయి. అందుకే ఈ పోలికంతా ఆ కోణంలోనే చేస్తున్నాను.

## ముందు ఏం చూడాలి

ఏ దేశంలో ప్రాక్టీస్ చేస్తారు, అక్కడ లైసెన్స్ ఎవరిస్తారు. ఇది తేల్చుకోకుండా మిగతావి చూడొద్దు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎవరో 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్‌లోనే రాసుంది. ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, గుర్తించిన క్లినికల్ సైకాలజీ క్వాలిఫికేషన్ ఉండాలి, లేదంటే సైకాలజీలో పీజీ చేసి ఆ పైన రెండేళ్ల ఫుల్ టైమ్ ఎంఫిల్, అదీ సూపర్‌వైజ్డ్ క్లినికల్ ట్రైనింగ్‌తో ఆర్‌సీఐ అప్రూవల్ ఉన్న చోట చేసుండాలి. ఉత్త ఎంఏ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఎంత పెద్ద యూనివర్సిటీ నుంచి చేసినా ఆ పేరు పెట్టుకోవడానికి సరిపోవు. పేరు ముందు డాక్టర్ ఉంటుంది, ఆర్‌సీఐ రిజిస్టర్‌లో నంబర్ ఉండదు. హాస్పిటల్ హెచ్‌ఆర్ వాళ్లు మొదట అడిగేది ఆ నంబరే.

ఇంకో సంగతి, ఇప్పుడు రూల్స్ కదులుతున్న టైమ్. 2022 నవంబర్‌లో వచ్చిన యూజీసీ రెగ్యులేషన్స్ ఎంఫిల్ అనే డిగ్రీనే తీసేశాయి, 2023 డిసెంబర్‌లో ఎంఫిల్‌లో ఎవర్నీ చేర్చుకోవద్దని యూనివర్సిటీలకు చెప్పారు, తర్వాత 2024 జనవరిలో క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కి మాత్రం 2025-26 అకడమిక్ ఇయర్ దాకా మినహాయింపు ఇచ్చారు. ఎంఫిల్ బదులు ఎంఏ క్లినికల్ సైకాలజీ, సై.డీ లాంటి పేర్లతో కోర్సులు ముందుకొస్తున్నాయి. దీనికి తోడు, ఆరోగ్య రంగంలోని ఇలాంటి వృత్తుల్ని నియంత్రించడానికి 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం ఒకటి. కాబట్టి నేను కింద ఎంఫిల్ అన్నచోటల్లా "ఆర్‌సీఐ లైసెన్స్ ఇచ్చే రెండేళ్ల క్లినికల్ ట్రైనింగ్" అని చదువుకోండి, మీరు చేరే సంవత్సరానికి ఆ కాలేజీకి, ఆ కోర్సుకి, ఎన్ని సీట్లకి అప్రూవల్ ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో లిస్ట్ తీసి చూసుకోండి. కాలేజీవాళ్లు "వచ్చేస్తుంది, ప్రాసెస్‌లో ఉంది" అంటే ఫీజు కట్టొద్దు. అలా కట్టేసి, రెండేళ్లు కష్టపడి, రిజిస్ట్రేషన్ రాక తిరుగుతున్నవాళ్లు ఫోన్ చేసినప్పుడు చెప్పడానికి మాటలుండవు.

వారంలో మీ గంటలు ఎటు పోతాయి. సిలబస్ చూస్తే తెలీదు, టైమ్‌టేబుల్ చూస్తే తెలుస్తుంది. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున పూట ఎక్కడుంటారు, మధ్యాహ్నం ఎక్కడుంటారు, థీసిస్‌కి కేటాయించిన టైమ్ నిజంగా ఉందా లేక రాత్రి పదింటి తర్వాత హాస్టల్ రూమ్‌లో రాసుకోవాలా, అది అడగండి.

సూపర్‌విజన్. నా లెక్కలో డిగ్రీ పేరు కంటే ఇదే పెద్దది. ఓపీడీలో జరిగేది ఒకటి చెప్తాను. పాలమూరు వైపు నుంచి ఒకావిడ పంతొమ్మిదేళ్ల కొడుకుని తీసుకొస్తుంది. "రెండు నెల్ల సంది నిద్ర పోతలేడు మేడమ్, ఒక్కడే గులుగుకుంటడు, ఊర్ల చూపిస్తే గాలి సోకింది అన్నరు" అంటుంది. ట్రైనీ చక్కగా నాలుగు పేజీల హిస్టరీ రాసుకెళ్తుంది, డ్యూరేషన్ దగ్గర రెండు నెలలు అని ఉంటుంది. సూపర్‌వైజర్ అక్కడే ఆగుతుంది. "ఇంటర్ మధ్యలో ఎందుకు మానేశాడో అడిగావా?" ట్రైనీ వెనక్కెళ్లి మళ్లీ కూర్చుంటుంది, అప్పుడు బయటికొస్తుంది, కాలేజీలో పిల్లలు తన గురించే మాట్లాడుకుంటున్నారని ఏడాదిన్నర కిందటే మానేశాడు, అప్పట్నుంచీ ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే ఎత్తడు, స్నానం కూడా అమ్మ బతిమాలితేనే. జబ్బు మొదలైంది అప్పుడు, ఇంట్లోవాళ్లు గుర్తుపట్టింది ఇప్పుడు. ఇదే విషయాన్ని, అంటే జబ్బు మొదలైనప్పట్నుంచి వైద్యం మొదలయ్యేదాకా గడిచిన కాలాన్ని, రీసెర్చ్‌లో "డ్యూరేషన్ ఆఫ్ అన్‌ట్రీటెడ్ సైకోసిస్" అని కొలుస్తారు, దానిమీద బోలెడు పని జరిగింది. ఆ సూపర్‌వైజర్ సాయంత్రం కేస్ కాన్ఫరెన్స్‌లో ఆ పేపర్లు కూడా చదివిస్తే, మీ చేతిలో ఉన్న కేసు, దాని వెనకున్న రీసెర్చ్ రెండూ ఒకేరోజు కలుస్తాయి. రెండింటి మధ్య బ్యాలెన్స్ నిజంగా ఏర్పడేది అలాంటి సాయంత్రాల్లోనే. అలా ఆపి అడిగే మనిషి లేని చోట రోజుకి ఇరవై కేసులు చూసినా రాసుకోవడమే మిగులుతుంది.

థీసిస్ టాపిక్ ఎవరిది. మీరు ఎంచుకుంటారా, గైడ్ ఇస్తారా, పూర్తయ్యాక పబ్లిష్ చేయిస్తారా లేక బైండింగ్ చేసి లైబ్రరీలో పెట్టేస్తారా.

డబ్బు, భాష, ఇంటికి దూరం గురించి ఒక్కో ఆప్షన్ దగ్గర చెప్తాను.

## అన్నీ ఒకచోట

| మార్గం | ఎన్నేళ్లు | రీసెర్చ్ | క్లినికల్ | ప్రాక్టీస్ హక్కు | డబ్బు |
|---|---|---|---|---|---|
| ఆర్‌సీఐ ఎంఫిల్ | ఎంఏ తర్వాత 2 | ఒక డిసర్టేషన్, ఒక పరీక్ష పేపర్ | చాలా ఎక్కువ | ఉంది, ఇండియాలో | గవర్నమెంట్‌లో తక్కువ, ప్రైవేట్‌లో లక్షల్లో |
| ఎంఫిల్ తర్వాత పీహెచ్‌డీ | 2 + కనీసం 3 | గట్టిగా | గట్టిగా | ఉంది, ఇండియాలో | ఫెలోషిప్ వస్తే బయటపడొచ్చు |
| ఆర్‌సీఐ సై.డీ | 4 | మధ్యస్థం | ఎక్కువ | అప్రూవల్ ఉంటేనే | ఎక్కువగా సొంత ఖర్చు |
| యూనివర్సిటీ పీహెచ్‌డీ | 3 నుంచి 6 | చాలా ఎక్కువ | దాదాపు లేదు | లేదు | జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షతో వచ్చే ఫెలోషిప్) ఉంటే బాగుంటుంది |
| అమెరికా క్లినికల్ పీహెచ్‌డీ | 5 నుంచి 7 | చాలా ఎక్కువ | ఎక్కువ | ఉంది, అక్కడ | సాధారణంగా ఫండింగ్ |
| అమెరికా సై.డీ | 4 నుంచి 6 | తక్కువ | చాలా ఎక్కువ | ఉంది, అక్కడ | పెద్ద అప్పు |
| యూకే డిక్లిన్‌సై (క్లినికల్ సైకాలజీ డాక్టరేట్) | 3 | మధ్యస్థం | చాలా ఎక్కువ | ఉంది, అక్కడ | అక్కడివాళ్లకి జీతం, మనకి కష్టం |

టేబుల్ చూసి రెండో వరస, ఐదో వరస బాగున్నాయి అనుకుంటారు, నిజమే, కానీ ఆ రెండింట్లోకి వెళ్లే దారులు ఒకదానికొకటి పొంతన లేనివి.

## ఆర్‌సీఐ ఎంఫిల్

మనవాళ్లలో ఎక్కువమందికి ఇదే మొదటి మెట్టు. ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 50. మొదటి ఏడాది సైకోసోషల్ ఫౌండేషన్స్, సైకియాట్రీ, స్టాటిస్టిక్స్ అండ్ రీసెర్చ్ మెథడాలజీ. రెండో ఏడాది బయలాజికల్ ఫౌండేషన్స్, సైకోథెరపీ, బిహేవియరల్ మెడిసిన్, దాంతోపాటు డిసర్టేషన్. కాగితం మీద రీసెర్చ్‌కి చోటు బాగానే ఉంది. వాస్తవంలో ఏం జరుగుతుందంటే, మొదటి ఏడాదంతా కేస్ వర్కప్‌లు, ఐక్యూ టెస్టింగ్, ప్రొజెక్టివ్ టెస్టులు, రిపోర్టులు రాయడం, రాసినవి మళ్లీ రాయడం. థీసిస్ ఆలోచన వచ్చేసరికి రెండో ఏడాది సగమైపోతుంది, ఎథిక్స్ కమిటీ అప్రూవల్‌కి కొన్ని నెలలు పోతాయి, చివరికి శాంపిల్ చిన్నదైపోతుంది.

అందుకని ఎంఫిల్‌లో రీసెర్చ్ కావాలనుకునేవాళ్లు చేరిన మొదటి రెండు మూడు నెలల్లోనే ఏ వార్డులో ఏ కేసులు ఎక్కువగా వస్తున్నాయో చూసుకొని దాన్నిబట్టి టాపిక్ పెట్టుకోవాలి. ఆల్కహాల్ కేసులు రోజూ వచ్చే చోట అరుదైన డిజార్డర్ మీద థీసిస్ పెట్టుకుంటే శాంపిల్ కోసం అల్లాడిపోతారు.

ఎక్కడ చెయ్యాలి అనేదానికి వస్తే, బెంగళూరు నిమ్హాన్స్‌ది ప్రత్యేకమైన స్థానం. 1954లో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌గా మొదలై 1974లో నిమ్హాన్స్ అయ్యింది, 2012 చట్టంతో జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా వచ్చింది. రీసెర్చ్, క్లినికల్ ఒకే క్యాంపస్‌లో ఒకే మనుషుల చేతుల్లో ఉండటం అక్కడి బలం. పొద్దున ఓపీడీలో మిమ్మల్ని సూపర్‌వైజ్ చేసిన ప్రొఫెసరే మధ్యాహ్నం ఒక ఫండెడ్ ప్రాజెక్ట్ నడుపుతుంటారు. మనకి ఇంకో లాభం, అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి పేషెంట్లు అక్కడికి బాగా వస్తారు, కాబట్టి తెలుగులో థెరపీ చేసే అవకాశం ఉంటుంది. ఎంట్రన్స్ మాత్రం చాలా గట్టి పోటీ, సీట్లు తక్కువ.

రాంచీలో సీఐపీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ) 1918లో పెట్టిన పాత సంస్థ, క్లినికల్ ట్రైనింగ్‌కి మంచి పేరు, కానీ అక్కడ హిందీ లేకుండా ఒక్క రోజు గడవదు. హిందీ సినిమా అర్థమవడం వేరు, జార్ఖండ్ పల్లె నుంచి వచ్చిన తండ్రి కొడుకు గురించి చెప్తుంటే మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ రాయడం వేరు. మొదటి ఆరు నెలలు చాలా కష్టంగా ఉంటుంది, ఆ తర్వాత అలవాటైపోతుంది అని అక్కడ చదివిన మనవాళ్లే చెప్తారు.

సికింద్రాబాద్‌లో స్వీకార్ అనే రిహాబిలిటేషన్ సంస్థ ఉంది, ఉస్మానియా అఫిలియేషన్‌తో ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ నడిపింది. మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, అక్కడ ఎంఫిల్ నడిచింది రిహాబిలిటేషన్ సైకాలజీలో, ఇప్పుడు ఏ పేరుతో ఉందో చూసుకోండి. పిల్లలు, మేధో వైకల్యం, స్పెషల్ ఎడ్యుకేషన్ వైపు ఆసక్తి ఉన్నవాళ్లకి చాలా మంచిది, కానీ రిజిస్ట్రేషన్ రిహాబిలిటేషన్ సైకాలజిస్ట్‌గా వస్తుంది, క్లినికల్ సైకాలజిస్ట్‌గా కాదు. ఈ తేడా చేరాక తెలుసుకుని బాధపడకండి, ముందే తెలుసుకొని ఇష్టపడి చేరండి.

హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో చదివితే తెలుగు పేషెంట్లు, ఇల్లు దగ్గర, ప్రాక్టీస్ పెట్టేటప్పుడు రిఫర్ చేసే డాక్టర్లు ముందే పరిచయం. బయటికెళ్తే ఎక్స్‌పోజర్ పెద్దది. రీసెర్చ్ ముఖ్యమనుకుంటే బయటికెళ్లండి, ఎందుకంటే పబ్లిష్ చేసే అలవాటున్న గైడ్లు పెద్ద సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్స్‌లోనే ఎక్కువగా దొరుకుతారు. స్టైపెండ్ కూడా అలాంటి చోటే.

## ఎంఫిల్ తర్వాత పీహెచ్‌డీ

నిజం చెప్పాలంటే ఇండియాలో ఉండిపోవాలనుకునేవాళ్లకి నా ఓటు దీనికే. టైమ్ ఎక్కువ పడుతుంది, అందులో అనుమానం లేదు, ఎంఏ తర్వాత కనీసం ఐదేళ్లు, చాలామందికి ఏడు దాకా వెళ్తుంది. కానీ రెండేళ్లు వార్డుల్లో తిరిగొచ్చినవాళ్ల రీసెర్చ్ ప్రశ్నలు వేరేలా ఉంటాయి. పుస్తకం చదివి "సోషల్ మీడియా, సెల్ఫ్ ఎస్టీమ్" అని టాపిక్ పెట్టుకోరు. డిశ్చార్జ్ అయినవాళ్లు రెండో ఫాలోఅప్‌కి ఎందుకు రావట్లేదు, మందు మానేసినాయన పండక్కి ఊరెళ్లొచ్చాక మళ్లీ ఎందుకు మొదలెట్టాడు, అలాంటివి అడుగుతారు.

2022 యూజీసీ రెగ్యులేషన్స్ పార్ట్ టైమ్ పీహెచ్‌డీని కూడా ఒప్పుకుంటాయి, పని చేసే చోట నుంచి ఎన్‌ఓసీ ఉండాలి. హాస్పిటల్‌లో ఉద్యోగం చేసుకుంటూ అక్కడి పేషెంట్ల మీదే రీసెర్చ్ చెయ్యగలిగితే రెండు పనులూ ఒకదాన్నొకటి తినేయకుండా సాగుతాయి. ఫుల్ టైమ్ అయితే నెట్ జేఆర్‌ఎఫ్ కొట్టండి, 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకి 37,000, దాని పై మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరు. హైదరాబాద్‌లో ఒక మనిషి ఇంట్లోవాళ్లని అడక్కుండా బతకడానికి సరిపోతుంది.

## ఆర్‌సీఐ సై.డీ

నాలుగేళ్లు ఒకే చోట, చివర్లో డాక్టరేట్. ఆలోచన బాగుంది, ఎంఫిల్ తర్వాత మళ్లీ పీహెచ్‌డీ ఎంట్రన్సులు రాసే బాధ ఉండదు. ఇబ్బంది ఏంటంటే ఇచ్చే సంస్థలు తక్కువ, ఎక్కువ ప్రైవేట్, నాలుగేళ్ల ఫీజు లెక్కేస్తే మధ్యతరగతి ఇంటికి భారమే. లెక్చరర్ ఉద్యోగానికి వెళ్లాలనే ఆలోచన ఏమాత్రం ఉన్నా, మీరు అప్లై చేసే యూనివర్సిటీలు సై.డీని పీహెచ్‌డీతో సమానంగా చూస్తాయా లేదా అన్నది చేరేముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. క్లినిక్ పెట్టుకోవడమే లక్ష్యం, ఇంట్లో డబ్బుకి ఇబ్బంది లేదు, అంటే సుబ్బరంగా చెయ్యొచ్చు.

## యూనివర్సిటీ పీహెచ్‌డీ

యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో సెంటర్ ఫర్ హెల్త్ సైకాలజీ ఉంది, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీల్లో పాత సైకాలజీ డిపార్ట్‌మెంట్లున్నాయి, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. మెమరీ, ఎమోషన్, క్రానిక్ జబ్బులతో బతికేవాళ్ల మానసిక స్థితి, ఇలాంటివాటి మీద లోతుగా పని చెయ్యాలంటే ఇవి సరైన చోట్లు. ప్రొఫెసర్ అవ్వాలన్నా, ఇండస్ట్రీలో యూజర్ రీసెర్చ్ వైపు వెళ్లాలన్నా ఇది చాలు.

కానీ ఇది క్లినికల్ ట్రైనింగ్ కాదు. హెల్త్ అనో క్లినికల్ అనో సబ్జెక్ట్ పేరులో ఉన్నంత మాత్రాన పేషెంట్‌ని చూసే హక్కు రాదు. పేషెంట్ల మీద డేటా తీసుకోవడం, పేషెంట్‌కి థెరపీ చెయ్యడం రెండూ ఒకటే అనుకుని చేరేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు, అదే నాకు బాధ. రెండూ కావాలన్న మనిషి ఇక్కడ మొదలెడితే ఒక కాలు మీదే నిలబడాలి.

డిస్టెన్స్‌లో ఎంఏ చేసి ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లకి ఒక మాట. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని డిస్టెన్స్, ఆన్‌లైన్ పద్ధతిలో చెప్పొద్దని యూజీసీ ఆదేశించింది. ఇకమీదట రెగ్యులర్‌లోనే ప్లాన్ చేసుకోండి.

## అమెరికా

ఇక్కడ రీసెర్చ్, క్లినికల్ బ్యాలెన్స్ గురించి డెబ్బై ఏళ్లకు పైగా వాదన నడుస్తోంది, ఆ వాదన తెలిస్తే ప్రోగ్రామ్ ఎంచుకోవడం సులువవుతుంది. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన కాన్ఫరెన్స్‌లో క్లినికల్ సైకాలజిస్ట్ సైంటిస్ట్ కూడా అయ్యుండాలని తీర్మానించారు, దాన్నే సైంటిస్ట్-ప్రాక్టీషనర్ మోడల్ అంటారు. 1973లో అదే రాష్ట్రంలోని వేల్‌లో ఇంకో కాన్ఫరెన్స్ జరిగి, ప్రాక్టీస్ మీదే దృష్టి పెట్టే సై.డీ డిగ్రీకి ఆమోదం దొరికింది. 2007లో పీసీఎస్‌ఏఎస్ అనే వేరే అక్రెడిటేషన్ వచ్చింది, అది పూర్తిగా సైన్స్ వైపు మొగ్గిన ప్రోగ్రామ్‌లకి. కాబట్టి వెబ్‌సైట్‌లో "క్లినికల్ సైన్స్" అని కనిపిస్తే రీసెర్చ్ బరువు ఎక్కువ, "సైంటిస్ట్-ప్రాక్టీషనర్" అంటే నడిమధ్య, "ప్రాక్టీషనర్-స్కాలర్" అంటే క్లినికల్ బరువు ఎక్కువ అని మోటుగా అర్థం చేసుకోవచ్చు. రెండూ సమంగా కావాలంటే నడిమధ్యవే వెతకండి, కౌన్సెలింగ్ సైకాలజీ పీహెచ్‌డీలని కూడా వదిలెయ్యకండి, లైసెన్స్ అదే, ట్రైనింగ్ చాలావరకు అదే, మనవాళ్లు ఎందుకో అటు చూడరు.

పీహెచ్‌డీ నడిచే తీరు ఇలా ఉంటుంది. అడ్మిషన్ ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లోకి. డిసెంబర్ మొదట్లో డెడ్‌లైన్లు, జనవరి ఫిబ్రవరిల్లో ఇంటర్వ్యూలు, ఏప్రిల్ 15 లోపు ఒప్పుకోవడమా కాదా చెప్పాలి. మొదటి ఏడాది ఎక్కువగా క్లాసులు, ల్యాబ్. రెండో ఏడాది నుంచి డిపార్ట్‌మెంట్ క్లినిక్‌లో కేసులు, తర్వాత బయట హాస్పిటల్స్‌లో ప్రాక్టికమ్ (సూపర్‌విజన్ కింద పని), ఆఖర్న దేశమంతా కలిపి జరిగే మ్యాచ్ (ఎవరికి ఏ హాస్పిటల్ అని జతచేసే పద్ధతి) ద్వారా ఒక ఏడాది ఫుల్ టైమ్ ఇంటర్న్‌షిప్. తర్వాత లైసెన్స్ కోసం ఈపీపీపీ పరీక్ష, చాలా రాష్ట్రాల్లో పోస్ట్ డాక్టోరల్ గంటలు కూడా. ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ వస్తాయి కాబట్టే సీట్లు చాలా తక్కువ.

ఇండియా నుంచి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకి ఎవరూ ముందు చెప్పని చిక్కులు మూడున్నాయి. వెటరన్స్ అఫైర్స్, అంటే మాజీ సైనికుల ప్రభుత్వ హాస్పిటల్స్‌లో ఇంటర్న్‌షిప్‌కి అమెరికన్ పౌరసత్వం కావాలి, సైకాలజీ ట్రైనింగ్‌లో అతిపెద్ద వ్యవస్థే వాళ్లది, అంటే మ్యాచ్‌లో పెద్ద ముక్క మీకు మూసుకుపోయినట్టే. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ట్రైనింగ్ గ్రాంట్లు కూడా సాధారణంగా పౌరులకి, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకే. మూడోది వర్క్ పర్మిట్, స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక అక్కడ ఎక్కువకాలం పనిచేసే అనుమతి) వర్తించే కోడ్ కిందకి మీ ప్రోగ్రామ్ వస్తుందో లేదో ఇంటర్నేషనల్ ఆఫీస్‌ని ముందే అడగండి, సైకాలజీ అంతా ఒకే కోడ్ కాదు. ఇవి తెలిసి కూడా వెళ్లినవాళ్లు బాగానే సెటిల్ అవుతున్నారు, తెలీకుండా వెళ్లినవాళ్లకే నాలుగో ఏడాది గుండె ఆగినంత పనవుతుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిపెరిగిన మన పిల్లలకి ఈ చిక్కులేవీ లేవు, వాళ్లకి ఫండెడ్ పీహెచ్‌డీ నిజంగా అందరికంటే మంచి ఆప్షన్. తల్లిదండ్రులు "మెడిసిన్ చెయ్యలేదు కదా, కనీసం త్వరగా అయ్యే సై.డీ చెయ్యి" అని తొందరపెట్టకండి. సై.డీ ఒకటి రెండేళ్లు ముందే అవ్వొచ్చు, దాని వెనకొచ్చే అప్పు మాత్రం చాలా ఏళ్లు ఉంటుంది. రీసెర్చ్ అసలిష్టం లేదు, థెరపీయే కావాలి అన్నవాళ్లకి సై.డీ సరే, యూనివర్సిటీ క్యాంపస్‌లో చిన్న బ్యాచ్‌తో నడిచేవి చూడండి, పెద్ద పెద్ద బ్యాచ్‌లు చేర్చుకునేవాటి దగ్గర జాగ్రత్త. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) అక్రెడిటేషన్ ఉన్న ప్రతి ప్రోగ్రామూ ఎంతమంది పూర్తి చేశారు, ఎన్నేళ్లు పట్టింది, ఎంత ఖర్చు, ఇంటర్న్‌షిప్ ఎంతమందికి వచ్చింది, లైసెన్స్ ఎంతమందికి వచ్చింది అనే డేటాని వెబ్‌సైట్‌లో పెట్టాలి. మన దేశంలో ఇలాంటిది లేకపోవడం పెద్ద లోటు. ఆ పేజీ చదవకుండా అప్లికేషన్ ఫీజు కట్టొద్దు.

## యూకే

డిక్లిన్‌సై మూడేళ్లు, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో ట్రైనీగా జీతం తీసుకుంటూ ప్లేస్‌మెంట్లు తిరుగుతూ మధ్యలో ఒక థీసిస్, చివర హెచ్‌సీపీసీ (ప్రాక్టీస్‌కి అనుమతిచ్చే సంస్థ) రిజిస్ట్రేషన్. చాలా అందమైన డిజైన్. కానీ ఆ జీతంతో వచ్చే సీట్లు అక్కడ హోమ్ ఫీ స్టేటస్ (స్థానికుల ఫీజు వర్తించే హోదా) ఉన్నవాళ్లకే, ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌ని సొంత ఖర్చుతో తీసుకునే చోట్లు బహు కొద్ది. ఇప్పటికే అక్కడ స్థిరపడ్డవాళ్లకైతే గట్టిగా ప్రయత్నించమంటాను. ఇక్కడి నుంచి నేరుగా ఇదొక్కటే నమ్ముకొని ఏజెంట్ల మాట మీద ఒక ఏడాది ఎమ్మెస్సీకి వెళ్లొద్దు. ఆ ఎమ్మెస్సీ అక్కడా ఇక్కడా క్లినికల్ సైకాలజిస్ట్‌ని చెయ్యదు.

## ఎవరికి ఏది

వార్డులో కూర్చుంటే టైమ్ తెలీని మనిషి, రీసెర్చ్ చదవడం ఇష్టమే కానీ చెయ్యకపోయినా పర్లేదు అనుకునేవాళ్లు ఎంఫిల్ దగ్గర ఆగిపోవచ్చు, అందులో తక్కువేం లేదు. జిల్లా ఆస్పత్రుల్లో, టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) సెంటర్లలో, స్కూళ్లలో, డీఅడిక్షన్ సెంటర్లలో మంచిగా ట్రైన్ అయిన మనుషుల అవసరం ఎంతుందో పని చేసేవాళ్లకి తెలుసు.

డేటా అంటే ప్రాణం, పేషెంట్‌ని చూస్తే మనసు బరువెక్కి మూడు రోజులు కోలుకోలేను అనేవాళ్లు నేరుగా యూనివర్సిటీ పీహెచ్‌డీ చేసేయండి, లైసెన్స్ కోసం రెండేళ్లు బలవంతంగా గడపొద్దు. క్లినికల్ పని అందరికీ పడదు, అది తప్పు కాదు.

రెండూ కావాలి, డబ్బు లేదు, ఇండియాలోనే ఉంటాను అంటే గవర్నమెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎంఫిల్, దానికోసం ఒక ఏడాది డ్రాప్ తీసుకోవాల్సొచ్చినా తీసుకోండి. ఆ ఏడాది ఖాళీగా ఉండకుండా ఎక్కడైనా ప్రాజెక్ట్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరండి, డేటా ఎంట్రీ అయినా సరే, తర్వాత పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో, అమెరికా అప్లికేషన్‌లో అదే పనికొస్తుంది.

రెండూ కావాలి, అమెరికాలో స్థిరపడాలి అంటే ఇక్కడి ఎంఫిల్ తప్పనిసరి కాదు. ఇక్కడి రిజిస్ట్రేషన్ అక్కడ లైసెన్స్‌గా చెల్లదు. ఆ రెండేళ్లు మంచి ల్యాబ్‌లో రీసెర్చ్ అనుభవానికి, ఒకటి రెండు పేపర్లకి పెడితే పీహెచ్‌డీ అడ్మిషన్‌కి ఎక్కువ ఉపయోగం. వెళ్తానో లేదో ఇంకా ఖాయం కాదంటే మాత్రం ఎంఫిల్ చేసి పెట్టుకోండి, వీసా పనవ్వకపోయినా చేతిలో వృత్తి ఉంటుంది.

పెళ్లై పిల్లలున్న ఆడవాళ్లు చాలామంది అడుగుతుంటారు. ఎంఫిల్ పార్ట్ టైమ్‌లో లేదు, హాజరు రూల్ గట్టిది, అది ముందే ఇంట్లో అందరితో మాట్లాడుకోవాల్సిన విషయం. రెండేళ్లు అత్తగారో అమ్మో అండగా ఉంటే ఊళ్లోనే ఉన్న సెంటర్‌లో చెయ్యండి, పీహెచ్‌డీని తర్వాత నిదానంగా పార్ట్ టైమ్‌లో చూసుకోవచ్చు.

## చేరేముందు అక్కడి స్టూడెంట్స్‌ని అడగాల్సినవి

డైరెక్టర్‌నో కోఆర్డినేటర్‌నో అడిగితే మంచి మాటలే చెప్తారు. రెండో ఏడాది చదువుతున్నవాళ్ల నంబర్ సంపాదించి ఫోన్ చేయండి, మెసేజ్ వద్దు, మాట్లాడండి.

- నిన్న ఏం చేశావ్, పొద్దున్నుంచి రాత్రిదాకా చెప్పు. (వారంలో ఎలా ఉంటుందని అడిగితే అందంగా చెప్తారు, నిన్న అంటే నిజం వస్తుంది.)
- కేసు రాసుకెళ్తే ఎవరు వింటారు, వారానికి ఎన్నిసార్లు, ఒక్కొక్కరితో కూర్చుంటారా అందర్నీ కలిపి కూర్చోబెడతారా?
- థెరపీ కేసులు మొదటి నుంచి చివరిదాకా మీరే చూస్తారా, లేక టెస్టింగ్ రిపోర్టులే రాయిస్తారా? చాలా చోట్ల ట్రైనీలు ఐక్యూ సర్టిఫికెట్లలోనే మునిగిపోతారు.
- పోయిన బ్యాచ్‌లో ఎంతమంది థీసిస్ పేపర్‌గా వచ్చింది, అందులో మొదటి పేరు స్టూడెంట్‌దేనా?
- మధ్యలో మానేసినవాళ్లున్నారా, ఎందుకు?
- ఫీజు కాకుండా టెస్ట్ మెటీరియల్‌కి, పరీక్షలకి, కాన్ఫరెన్సులకి ఇంకెంతైంది?

ఐదో ప్రశ్నకి అవతలివాళ్లు కాసేపు ఆగి, "అక్కా, అది తర్వాత మాట్లాడదాం" అంటే, తర్వాత తప్పకుండా మళ్లీ ఫోన్ చేయండి. ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెప్తే ఆ సంస్థ ఎంత పేరున్నదైనా లిస్ట్‌లో కిందికి జరపండి. అప్లికేషన్లు కనీసం నాలుగు చోట్లకి పెట్టండి, అందులో ఒకటి తెలుగు పేషెంట్లు వచ్చే చోటు, ఒకటి పబ్లిష్ చేసే గైడ్ ఉన్న చోటు అయ్యేలా చూసుకోండి. ఎంట్రన్స్ తేదీలు సంస్థకొకటిగా ఉంటాయి, కాబట్టి డిసెంబర్ నుంచే నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.